నీలి సిరాలో జాషువా

బాగుచేసిన హాల్లో పద్య కచేరి. వృద్ధ నటుడి చేతిలో అట్ట ఊడిన పుస్తకం. అందులో దొరికిన ఒక కథ.

కొత్త హంగులు దిద్దుకున్న హాలు గురించి రాద్దామనే సూళ్లూరుపేటలో దిగాను. శ్రీహరికోటలో డ్యూటీ ముగించుకుని, పులికాట్ మీది రోడ్డు దాటి నేరుగా వచ్చినవాళ్లు అప్పటికే సగం కుర్చీలు నింపేశారు. రంగు వాసన ఇంకా పోలేదు. మెత్తటి సీట్లు, ఏసీ, తళతళలాడే దీపాలు. వేదిక మీద మాత్రం ఒక హార్మోనియం, ఒక తబలా, ఒక మనిషి. తెరల్లేవు, కిరీటం లేదు. నలభై ఏళ్లు హరిశ్చంద్రుడి వేషం కట్టిన గొంతు ఒక్కటే ఆ సాయంత్రానికి నాటకం.

"నా పేరు వేయొద్దబ్బయ్యా. పద్యం గురించి రాయి" అన్నది ఆయన షరతు.

కచేరికి ముందు ఆయన నా చేతికిచ్చిన పద్యాల పుస్తకం చూశాక హాలు సంగతి వెనక్కి పోయింది. అట్ట ఊడిపోతే దారంతో కుట్టారు. నల్ల సిరాలో బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి 'సత్యహరిశ్చంద్రీయం' నాటకంలోని పద్యాలు. ప్రతి పద్యం పక్కన రాగం పేరు. ఊపిరి తీసుకోవలసిన చోట పెన్సిల్‌తో చిన్న గీత. జనం 'వన్స్ మోర్' అనే చోట ఎర్ర చుక్క. కాటిసీను దగ్గరికొచ్చేసరికి నాలుగు పేజీలు వేరే కాగితం, వేరే సిరా. నీలి సిరా.

"ఇవేంటి గురువుగారూ?"

"అవి బలిజేపల్లివారివి కావు. జాషువాగారివి. కాటిసీనుకు మా నటులు కుట్టుకున్నారు."

గుర్రం జాషువా 'శ్మశానవాటి' పద్యాలు నాటకం కోసం రాసినవి కావు. నటులు వాటిని హరిశ్చంద్రుడి నోట పెట్టారు. రంగస్థల నటుడు డి.వి.సుబ్బారావుగారి గొంతులో అవి ఊరూరా తిరిగాయి. అవి నాటకంలోవే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. విశ్వామిత్రుడి బాకీ తీర్చడానికి వీరబాహుడి దగ్గర కాటికాపరిగా చేరిన రాజు ఆ పద్యాలు పాడతాడు. అంటరానితనాన్ని అనుభవించిన కవి, రాజుకూ పేదకూ ఒకే నేల మిగిలే చోటు గురించి రాసిన పద్యాలవి. ఆ మాట చెప్పడానికి రాజ్యం పోగొట్టుకుని కాటికి కాపలా కాస్తున్న చక్రవర్తి కంటే తగిన నోరు ఎక్కడుంది? ఈ కూర్పు బలిజేపల్లివారు తలపెట్టింది కాదు, జాషువాగారు అడిగిందీ కాదు. వేదిక మీద నిలబడ్డవాళ్లకే తట్టింది. మన పద్యనాటకం ఘనత నాకు ఇక్కడే కనిపిస్తుంది.

కాటిసీను మొదలుపెట్టేముందు ఆయన మైకును పక్కకు జరిపించారు. హార్మోనియం ఐదు శృతి పట్టింది. పెన్సిల్ గీతలు గుర్తుపెట్టుకుని వింటున్నాను. సరిగ్గా ఆ చోట్లే ఊపిరి. మూడో పద్యం చివర రాగం సాగదీసినప్పుడు నా పక్క కుర్చీలో ఐడీ కార్డు మెడలో వేసుకున్న యువకుడు ముందుకు వంగిపోయాడు. వెనక వరసలోంచి కేక: "వన్స్ మోర్!" ఆయన మళ్లీ అందుకున్నారు, ఈసారి గొంతు తగ్గించి. ఎర్ర చుక్క అబద్ధం చెప్పలేదు.

ఒక్కటే లోటు. గొంతు వెనక గోడకు తగిలి తిరిగి రావలసిన చోట కొత్త ఫాల్స్ సీలింగ్ నాదాన్ని మింగేసింది. సీట్లు మార్చినవాళ్లు పద్యం పాడే ఒకరిని పిలిచి పాడించి, విని, ఆ తర్వాత పైకప్పు వేసి ఉండాల్సింది.

తెలుగు నాటకం చరిత్ర క్లుప్తంగా: 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రిలో ఆడిన ఆటలు మనవాళ్లకు ఊపునిచ్చాయి. 1885లో కడప జిల్లాలో సురభి నాటక సమాజం పుట్టింది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకానికి పాటలూ పద్యాలూ దండిగా కూర్చారు. తర్వాత సినిమా వచ్చి నటుల్నీ జనాన్నీ తీసుకుపోయింది.

శ్రీకాళహస్తిలో చివరి రోజులు
గుంటూరు సీమలో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం చివరి రోజులు గడిపింది శ్రీకాళహస్తిలోనే. 1953 జూన్ 30న అక్కడే కన్నుమూశారు.

నాగయ్యకు చిత్తూరు పేరు ఇలా వచ్చింది
1904లో పుట్టిన నటుడు నాగయ్య చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకున్నారు. 'సారంగధర'లో చిత్రాంగి వేషం కట్టారు. 1938లో 'గృహలక్ష్మి'తో సినిమాకెళ్లినా ఊరి పేరు ఆయన్ను వదల్లేదు.

కచేరి అయ్యాక ఆ పుస్తకానికి ఇంకో ప్రతి ఉందా అని అడిగాను. లేదన్నారు. ఆయన అనుమతితో ప్రతి పేజీ ఫోన్లో ఫొటో తీసుకుని, ఆ రాత్రే వాళ్లబ్బాయికి పంపాను.

హాళ్లు నడిపేవారికి ఒక విన్నపం: నెలకొక సాయంత్రం తక్కువ అద్దెకు పద్యానికి ఇవ్వండి. పాఠకులకు ఇంకొకటి: మీ ఇంట్లో తాతగారి పద్యాల పుస్తకం ఉంటే, అట్ట ఊడిందని పాత కాగితాలకు వేసేయకండి. ముందు పేజీలు తిప్పి చూడండి. ఊపిరి గీతలు అచ్చు పుస్తకంలో ఉండవు.