తిండికి మారాం చేసే పిల్లలకు శాకాహార చిరుతిళ్ళు: అరకు ప్రాంతపు ఆహార పదార్థాలతో

గత భాగంలో పూర్వ పాఠశాల వయస్సు పిల్లలకు రోజుకు ఎంత శక్తి, ఎన్ని మాంసకృత్తులు, ఎంత ఇనుము కావాలో తెలుసుకున్నారు. పట్టికలో ఆ అంకెలు చదవడం తేలికే. వాటిని బిడ్డ నోటిదాకా చేర్చడం వేరే పని. ముద్దను బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చునే పాప, ఆకుకూర రేక కనబడితే చాలు కంచం తోసేసే బాబు మీ ఇంట్లోనో, మీరు పనిచేసే అంగన్‌వాడీ కేంద్రంలోనో ఉండే ఉంటారు. అటువంటి పిల్లల చిరుతిండిని గురించి ఈ భాగంలో చర్చిద్దాం. ఉదాహరణకు అరకు లోయను, దాని చుట్టూ ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గ్రామాలను తీసుకుంటున్నాం. మీది వేరే ప్రాంతమైతే పదార్థాల పేర్లు మారతాయి, పద్ధతి మారదు.

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. ఈ కొండల్లోని బగత, కొండదొర, కోదు, వాల్మీకి, పోర్జ, గదబ కుటుంబాలు సాధారణంగా శాకాహారులు కావు. మరి శాకాహార చిరుతిళ్ళ పాఠం ఎందుకు? చాలా ఇళ్ళలో మాంసం, చేప సంతరోజునో పండుగనాడో వస్తాయి. మిగిలిన రోజుల్లో కంచంలో ఉండేవి ధాన్యం, పప్పు, దుంప, ఆకు. ఆవుపాలు పితికి తాగే అలవాటు కూడా మొదటినుంచీ ఇక్కడ తక్కువ. అంటే బిడ్డ ఎదుగుదల చాలావరకు మొక్కల ఆహారం మీదే ఆధారపడి ఉంది. అయితే గుడ్డు, పాలు తినే పిల్లలకు వాటిని మానిపించమని ఈ పాఠం చెప్పడం లేదు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు తప్పక తిననివ్వండి. విటమిన్ బి12 ధాన్యంలోనూ ఆకుకూరలోనూ దొరకదు. గుడ్డు కూడా తినని కుటుంబాలైతే పాలు, పెరుగు తప్పనిసరి అని గుర్తుంచుకోవాలి.

పిల్లలు ఎందుకు వద్దంటారు?

మూడు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ ఏడాది నిండేసరికి దాదాపు తొమ్మిది కిలోలవుతుంది. అదే బిడ్డ ఆ తరువాత ఏడాదికి రెండు కిలోలకు కాస్త అటూ ఇటూగా మాత్రమే పెరుగుతుంది. ఎదుగుదల వేగం తగ్గినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. "నిరుడు బాగా తినేది, ఇప్పుడు ముట్టడం లేదు" అని తల్లి దిగులుపడేది సరిగ్గా ఈ సమయంలోనే. దీనికి తోడు రెండేళ్ళు దాటిన పిల్లల్లో కొత్త రుచి అంటే బెరుకు మొదలవుతుంది. ఇది జబ్బు కాదు, మొండితనమూ కాదు. ఒక కొత్త పదార్థాన్ని ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేనుసార్లు కొద్దికొద్దిగా రుచి చూపిస్తే గాని పిల్లలు దానిని ఒప్పుకోరని ఈ విషయంపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మనలో చాలామంది రెండు మూడు ప్రయత్నాలకే "మా వాడికి మునగాకు పడదు" అని తీర్మానించేస్తాం.

కడుపు పరిమాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పది కిలోల బిడ్డ కడుపులో ఒక్కసారికి సుమారు 300 మిల్లీలీటర్ల ఆహారం పడుతుంది. అందుకే మూడు పూటల భోజనంతో ఈ వయస్సు వారి అవసరాలు తీరవు. మధ్యలో రెండుసార్లు ఇచ్చే చిరుతిండిని కాలక్షేపంగా కాక నాలుగో పూటగా, ఐదో పూటగా భావించాలి.

మధ్యాహ్నం మూడు గంటలకు ఏం జరుగుతోంది?

ఒక ఇంటిని ఊహించుకుందాం. తల్లి ఉదయమే కాఫీ తోట పనికో పొలానికో వెళ్ళింది. నాలుగేళ్ళ పాప అంగన్‌వాడీ నుంచి వచ్చి నాయనమ్మ దగ్గర ఉంది. మూడు గంటలకు ఏడుపు మొదలైంది. నాయనమ్మ చీర కొంగున కట్టుకున్న పది రూపాయలు తీసి ఇచ్చింది. దుకాణం నుంచి ఒక చిప్స్ ప్యాకెట్ వచ్చింది. సాయంత్రం తల్లి తిరిగి వచ్చాక అందరితోపాటు పాపకూ అరగ్లాసు టీ, రెండు బిస్కెట్లు అందాయి. రాత్రి అన్నం దగ్గర పాప నోరు తెరవలేదు.

ఈ ఇంట్లో ఎవరి తప్పూ లేదు. అలసిన మనుషులు, చేతికి అందిన వస్తువులు, అంతే. కాని పోషణ దృష్టితో చూస్తే రెండు నష్టాలు జరిగాయి. ప్యాకెట్‌లోని పిండి, నూనె, ఉప్పు ఆకలిని చంపాయి గాని ఇనుము, కాల్షియం, మాంసకృత్తులు చెప్పుకోదగినంత ఇవ్వలేదు. టీలోని టానిన్లు భోజనంలో ఉన్న కాస్త ఇనుమును కూడా శరీరం గ్రహించకుండా అడ్డుపడతాయి. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత లోటు ఉన్నచోట అరగ్లాసు టీ చిన్న విషయం కాదు. కాఫీ సంగతి కూడా ఇంతే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గర్వం అందరిదీ, కప్పు మాత్రం పెద్దలది.

చోడి: అంబలిగా కంటే చిక్కగా

ఉత్తరాంధ్రలో రాగులను చోళ్ళు అంటారు. 100 గ్రాముల చోడి పిండిలో సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదే బరువు పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. పాలు అంతగా తాగని ప్రాంతంలో ఈ ధాన్యం విలువ ఎంతో మీరే గ్రహించవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన సిఫారసుల ప్రకారం 4–6 ఏళ్ళ పిల్లలకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం, 11 మిల్లీగ్రాముల ఇనుము, 1360 కిలోకాలరీల శక్తి కావాలి.

"మేము రోజూ చోడి అంబలి పోస్తూనే ఉన్నాం కదా" అని మీరు అనవచ్చు. అంబలి పెద్దలకు ఎండలో చలువ, దాహానికి మంచి మందు. బిడ్డకు ఒక చిక్కు ఉంది. ఒక గ్లాసు పలచని అంబలిలో ఉండేది రెండు పెద్ద చెంచాల పిండే. అంటే సుమారు 60 కిలోకాలరీలు. కడుపు నీళ్ళతో నిండింది, తిండి తక్కువైంది. కాబట్టి చిరుతిండిగా ఇచ్చేటప్పుడు చోడిని గట్టి రూపంలో ఇవ్వాలి.

దీనికి తేలికైన మార్గం చోడి, వలిసెల ఉండ. వలిసెలు మీకు తెలిసినవే. శీతాకాలంలో అరకు కొండలను పసుపుపచ్చగా మార్చే పూలు వాటివే. చూడడానికి వచ్చినవాళ్ళు పూలతో ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. నల్లని గింజలో మూడో వంతుకు పైగా నూనె, మంచి మాంసకృత్తులు ఉంటాయని ఇంటివారికి తెలుసు. 100 గ్రాముల చోడి పిండిని సన్నని సెగమీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించండి. 30 గ్రాముల వలిసెలను విడిగా వేయించి దంచండి. 50 గ్రాముల బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి, వడకట్టి, ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడే రెండు పొడులూ కలిపి ఉండలు చుట్టండి. ఆరేడు చిన్న ఉండలు వస్తాయి. రెండు ఉండల్లో సుమారు 200 కిలోకాలరీల శక్తి, ఒక్క చోడి నుంచే దాదాపు 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. వలిసెల్లోని కాస్త చేదును పిల్లలు పసిగడితే మొదట సగం నువ్వులు కలపండి. ఇంత చిన్న మోతాదు బెల్లంతో ఇనుము లోటు తీరుతుందని మాత్రం అనుకోవద్దు. బెల్లం రుచికోసం. అందువల్ల ఈ ఉండను వారానికి మూడు రోజులకు పరిమితం చేసి, తిన్నాక నోరు పుక్కిలింపజేయండి.

మొలకెత్తించిన చోడి పిండి ఇంకా మేలు. చోళ్ళను రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక తల చూపేవరకు ఉంచాలి. వేసవిలో ఒక రోజు చాలు, అరకు చలిలో రెండు రోజులు పట్టవచ్చు. తరువాత బాగా ఎండబెట్టి, మొలకలు రాలేలా నలిపి, తేలికగా వేయించి విసరాలి. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైము తయారవుతుంది. అది పిండి పదార్థాన్ని విడగొడుతుంది కాబట్టి జావ చిక్కగా గడ్డకట్టదు. అదే గ్లాసులో ఎక్కువ పిండి పట్టించవచ్చు. ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు కూడా కొంత తగ్గుతాయి. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. ఎండక బూజు పట్టిన గింజలను కడిగి వాడుకుందామనే ఆలోచన ప్రమాదకరం.

రాజ్‌మా, దుంపలు, పండ్లు

అరకు, చింతపల్లి ప్రాంతాల్లో పండే రాజ్‌మాలో ఎక్కువభాగం బస్తాల్లో మైదానాలకు వెళ్ళిపోతుంది. ఇంటికోసం కొన్ని శేర్లు ఉంచుకోమని నా సలహా. చోడి, సామ వంటి ధాన్యాల్లో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పు గింజల్లో అది ఎక్కువ. రెండూ కలిస్తే మాంసకృత్తుల నాణ్యత పెరుగుతుంది.

రాజ్‌మా వండడంలో ఒక జాగ్రత్త ఉంది. పచ్చి గింజలో ఉండే లెక్టిన్ అనే పదార్థం వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో కనీసం పది నిమిషాలు తెర్లుతూ మరిగించి, ఆపైన వేలితో నొక్కితే చితికేదాకా ఉడికించాలి. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కాబట్టి విశాఖపట్నంలో కంటే గింజ మెత్తబడడానికి ఎక్కువసేపు పడుతుంది. కుక్కర్ ఉంటే మంచిది.

ఉడికిన రాజ్‌మాను, ఉడికిన చిలగడ దుంపను సమానంగా కలిపి మెదిపి, ఉప్పు, చిటికెడు జీలకర్ర, సన్నగా తరిగిన మునగాకు వేసి, చిన్న బిళ్ళలుగా తట్టి పెనంమీద కొద్ది నూనెతో కాల్చండి. దుంప తీపి వల్ల ఆకు రుచి తెలియదు. అలాగని మునగాకును ఎప్పుడూ దాచిపెట్టే ఇవ్వకండి. అప్పుడప్పుడూ పైకి కనబడేలా కూడా వేయాలి, లేకపోతే ఆకు అంటే బెరుకు పోదు. సామ నూకతో పెసరపప్పు కలిపి చేసే ఉండ్రాళ్ళు, అరటిపండు మెదిపి కలిపిన చోడి అట్టు, వలిసెల పొడి అద్దిన ఉడికించిన దుంప ముక్కలు కూడా ఇదే కోవలోనివి.

పండ్ల విషయంలో కొండలు ఉదారమైనవి. వేసవిలో పనస, ఆపైన నేరేడు, శీతాకాలం ముందు సీతాఫలం, తరువాత జామ, ఉసిరి. చోడి అట్టుతోపాటు ఒక జామ ముక్కో, ఉప్పు నీటిలో ఊరిన ఉసిరి ముక్కో ఇస్తే వాటిలోని విటమిన్ సి ధాన్యంలోని ఇనుమును శరీరం గ్రహించేలా చేస్తుంది. టీ చేసే పనికి ఇది సరిగ్గా వ్యతిరేకం. సీతాఫలం గింజలు ముందే తీసేయండి. పనస గింజలను ఉడికించి, పైపొర ఒలిచి, చిదిమి పెట్టండి. నాలుగేళ్ళలోపు పిల్లలకు వేరుశనగ గింజలు, వేయించిన శనగలు గింజలుగా ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి. అడవి దుంపల్లో కొన్నింటికి విషగుణం ఉంటుంది కనుక పెద్దలు ఎప్పటినుంచో వండి తింటున్నవి తప్ప కొత్త రకాలు బిడ్డకు పెట్టి చూడవద్దు.

పెట్టే పద్ధతి

వంటకం ఎంత మంచిదైనా పెట్టే తీరు చెడితే ఫలితం ఉండదు. అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ ఒక పని విభజన సూచించారు. ఏమి పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేవి పెద్దలు నిర్ణయించాలి. తినాలా వద్దా, ఎంత అనేవి బిడ్డకు వదిలేయాలి. మన ఇళ్ళలో ఇది తలకిందులుగా నడుస్తోంది. ఏది కొనాలో బిడ్డ నిర్ణయిస్తోంది, ఎంత తినాలో మనం బలవంతపెడుతున్నాం.

భోజనానికి, చిరుతిండికి మధ్య రెండున్నర, మూడు గంటల ఎడం ఉంచండి. ఆ మధ్యలో మంచినీళ్ళు తప్ప మరేమీ వద్దు. పెట్టింది తినకపోతే పావుగంట చూసి మామూలుగా తీసేయండి. తిట్టవద్దు, దానికి బదులు బిస్కెట్టు కొనివ్వవద్దు. "ఆకు తింటే చాక్లెట్ ఇస్తాను" అంటే ఆకు శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్లవుతుంది. ఉండలు చుట్టేటప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టి ఒకటి చుట్టనివ్వండి. తాను చుట్టిన వంకర ఉండను తినని పిల్లలు అరుదు. అన్నిటికంటే ముఖ్యంగా నాయనమ్మతో మాట్లాడండి. ఆమెకు ఈ వంటకాలు మనకంటే బాగా తెలుసు. మధ్యాహ్నం చేతికి అందేలా డబ్బాలో సిద్ధంగా ఉంటే ఆమె కొంగుముడి విప్పే అవసరం తగ్గుతుంది.

అది మారాం కానప్పుడు

నెలనెలా తూకంలో బరువు పెరగకపోయినా, అరచేతులు, కనురెప్పల లోపలి భాగం పాలిపోయినా, బిడ్డ మట్టి, సుద్ద తింటున్నా దానిని తిండి మారాం అని వదిలేయకూడదు. నులిపురుగులు ఆకలిని తగ్గించి రక్తహీనతను పెంచుతాయి. ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించారో లేదో కనుక్కోండి. 6 నుంచి 59 నెలల బిడ్డ భుజం మధ్య చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకంటే తక్కువైతే పోషణ లోపం ఉన్నట్లు. 11.5 కంటే తక్కువైతే తీవ్ర లోపం. ఆ బిడ్డను వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి, ఇంటి చిరుతిళ్ళతో కాలయాపన చేయకూడదు.

మీరు చేయవలసిన పని

మీ ఇంట్లో లేదా పొరుగింట్లో 2–6 ఏళ్ళ బిడ్డను ఒకరిని ఎంచుకోండి. మూడు రోజులపాటు నోట్లో పడిన ప్రతిదీ వేళతో సహా రాయండి. టీ గుక్క, తోబుట్టువు పెట్టిన బిస్కెట్టు ముక్క కూడా వదలవద్దు. ఆ తరువాత మీ సంతలో ఈ వారం దొరికే వాటితో ఒక చిరుతిండి తయారుచేసి, ఒకే వేళకు, రోజు విడిచి రోజు పదిసార్లు ఇవ్వండి. ప్రతిసారీ బిడ్డ ఏం చేసిందో ఒక్క మాటలో నమోదు చేయండి: ముట్టలేదు, వాసన చూసింది, ఉమ్మింది, కొరికింది, తినింది. ఆ పట్టికను తరువాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి.