నమ్మనివాని ప్రమాణము

ఎన్నికలు ముగిసి శాసనసభ కొలువుతీరిన రోజున కొత్త సభ్యులు ఒక్కొక్కరే లేచి ప్రమాణము చేయడం మనమందరము చూస్తూనే ఉంటాము. కొందరు దైవసాక్షిగా అంటారు. కొందరు దేవుని పేరెత్తకుండా సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేస్తున్నామంటారు. మన రాజ్యాంగము మూడవ షెడ్యూలులో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఎవరి ఇష్టము వారిది.

ఆమధ్య ఒక పల్లెలో కుటుంబ ప్రార్థన ముగిసి పందిట్లో టీ తాగుతుండగా ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు: "అయ్యగారూ, దేవుణ్ణి నమ్మనని చెప్పేవాడికి విశ్వాసి ఓటు వేయవచ్చా?" మేము నోరు తెరిచేలోపే పక్కనున్న పెద్దమ్మ, "దేవుడికే భయపడనివాడు మనకేం భయపడతాడు నాయనా?" అన్నది. అందరూ తలలూపారు. ఆ మాటలో బలమున్నది, కాదనలేము. కాని ఇంటికి తిరిగి వస్తూ ఉంటే ఇంగ్లండు దేశపు పాత సంగతి ఒకటి మాకు జ్ఞాపకము వచ్చింది. నూట నలభై ఏళ్ళ క్రిందట అక్కడి విశ్వాసులు కూడా సరిగ్గా ఆ పెద్దమ్మలాగే అనుకొన్నారు.

చార్లెస్ బ్రాడ్లా 1833లో లండనులో పుట్టాడు. తండ్రి ఒక న్యాయవాది దగ్గర గుమాస్తా, చాలీచాలని జీతము. పిల్లవాడు చురుకైనవాడు గనుక చిన్న వయస్సులోనే వారి సంఘములో సండేస్కూలు టీచరు అయ్యాడు. బిషప్పు గారు కన్ఫర్మేషను ఇవ్వడానికి వస్తున్నారని, దానికి సిద్ధపడమని గురువు గారు ఇతనికి చెప్పారు. బాలుడు బుద్ధిగా కూర్చొని ఇంగ్లండు సంఘపు ముప్పై తొమ్మిది సూత్రములను, నాలుగు సువార్తలను పక్కపక్కన పెట్టుకొని చదివాడు. కొన్నిచోట్ల ఒకదానికొకటి పొసగడం లేదనిపించింది. వివరించమని గురువు గారికి ఒక ఉత్తరము వ్రాశాడు. ఆయన ఏమి చేశారు? ఇది నాస్తికత్వమని తండ్రికి ఫిర్యాదు చేసి, మూడు నెలలు సండేస్కూలులో చెప్పకూడదని తీసివేశారు. ఖాళీ అయిన ఆదివారాలలో ఆ పిల్లవాడు మైదానాలలో జరిగే వాదోపవాదములు వినబోయాడు. కొంతకాలానికి ఇల్లు విడిచాడు. 1866 నాటికి ఇంగ్లండులో నాస్తికుల సంఘమునకు నాయకుడయ్యాడు.

ఈ కథ చదివినప్పుడల్లా మేము ఇక్కడే ఆగిపోతాము. ఆ గురువు గారు ఒక్క సాయంత్రము ఆ పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని మాట్లాడి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? మన సండేస్కూళ్ళలో కయీనుకు భార్య ఎక్కడనుండి వచ్చిందని అడిగిన పిల్లవానికి మనము ఏమి జవాబు చెబుతున్నామో మనకే తెలుసు. మేము కూడా ఒకసారి "నోరు మూసుకొని వాక్యము కంఠతా పట్టు" అన్నవారమే.

బ్రాడ్లా ఆ తరువాత నార్తాంప్టను పట్టణములో పార్లమెంటుకు పోటీచేశాడు. అది చెప్పులు, బూట్లు కుట్టేవారి ఊరు. 1868లో ఓడిపోయాడు, 1874లో ఓడిపోయాడు, 1880లో గెలిచాడు. సభలో కాలుపెట్టగానే చిక్కు వచ్చింది. సభ్యులందరూ దేవుని పేరట ప్రమాణము చేయాలి. తనకు ఆ మాటలకు అర్థము లేదు గనుక మామూలు ప్రతిజ్ఞ చేస్తానన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, మన పాఠకులలో చాలామందికి అది కొత్తగా తోచవచ్చు. దేవుని పేరెత్తని ప్రతిజ్ఞ నాస్తికులు కనిపెట్టినది కాదు. ప్రభువు కొండమీద ప్రసంగములో ఒట్టు పెట్టుకొనవద్దని చెప్పాడని క్వేకరు విశ్వాసులు కోర్టులలో కూడా ప్రమాణము చేయము అన్నారు. అందుకు జైళ్ళకు వెళ్ళారు. పదిహేడవ శతాబ్దము చివరకు వారికోసము ప్రతిజ్ఞ చట్టములోకి వచ్చింది. 1833లో జోసెఫ్ పీజ్ అనే క్వేకరు ఆ ప్రతిజ్ఞతోనే పార్లమెంటులో కూర్చొన్నాడు. అంటే అది ప్రభువు మాటకు లోబడినవారు బాధలుపడి తెచ్చుకొన్న హక్కు. దానినే బ్రాడ్లా అడిగాడు. చట్టము నీబోటి వానికి కాదన్నారు. సరే, అందరిలాగే ప్రమాణము చేస్తానన్నాడు. నమ్మనివాడు దేవుని పేరు ఎత్తితే దూషణ అవుతుందన్నారు! పేరు చెప్పకపోతే రానివ్వము, చెబుతానంటే చెప్పనివ్వము.

1880 జూన్ 23న బయటకు పొమ్మంటే పోనందుకు పార్లమెంటు గడియారపు గోపురములోని గదిలో ఒక రాత్రి బంధించారు. ఆ జూలైలో ప్రతిజ్ఞ చేసి కూర్చొనిచ్చారు గాని, అది చెల్లదని కోర్టు తీర్పు చెప్పడంతో సీటు పోయింది. 1881లో మళ్ళీ ఉపఎన్నిక, మళ్ళీ బ్రాడ్లాయే గెలిచాడు. ఆ ఆగస్టులో లోపలికి వెళ్ళబోతే పోలీసులు, సభ సేవకులు కలిసి మెట్లమీదుగా ఈడ్చివేశారు, ఒంటిమీది కోటు చినిగింది. 1882లో, 1884లో మళ్ళీ గెలిచాడు. ఆ చెప్పులు కుట్టేవారు అందరూ నాస్తికులు కారు, చాపెలుకు వెళ్ళేవారు కూడా వారిలో ఉన్నారు. మేము పంపినవానిని కూర్చోనివ్వరా అన్నది వారి పట్టుదల.

ఆనాటి ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ గొప్ప భక్తిపరుడు. బ్రాడ్లా అభిప్రాయములంటే ఆయనకు ఏవగింపు. అయినా 1883లో ప్రతిజ్ఞను అందరికీ వర్తింపజేసే బిల్లు కోసము ఏప్రిల్ 26న ఆయన చేసిన ప్రసంగము ఆయన ప్రసంగములలోకెల్లా గొప్పదని చాలామంది చెబుతారు. ఆయన వాదన ఇది: యూదుల కోసమని ప్రమాణములోనుండి క్రీస్తు పేరు ఎప్పుడో తీసివేశారు. ఇప్పుడు ఏదో ఒక దేవుణ్ణి ఒప్పుకొంటే చాలునట. క్రీస్తు లేని ఆ పల్చని మాటను కాపాడి సంఘమును రక్షించామనుకోవడం ఏమిటి? పైగా మతము పేరట ఒకనికి అన్యాయము జరిగితే చూసేవారికి మతముమీదనే విరక్తి పుడుతుంది. సభ వినలేదు. 289 మంది అవునన్నారు, 292 మంది కాదన్నారు. మూడు ఓట్లతో బిల్లు పోయింది.

చివరకు 1886 జనవరిలో కొత్త స్పీకరు ఎవరి అభ్యంతరమూ విననని చెప్పి బ్రాడ్లాచేత ప్రమాణము చేయించాడు. రెండేళ్ళకు, 1888లో, ప్రతిజ్ఞ చట్టమును బ్రాడ్లాయే నెగ్గించుకొన్నాడు.

మన దేశములో ఈ పోరాటము అక్కరలేకపోయింది. అయినా 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ గారు పీఠికను దేవుని పేరట మొదలుపెట్టాలని సవరణ తెచ్చారు. దేవుణ్ణి ఓటుకు పెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ గారు బతిమాలారు. ఓటు జరిగింది: 41 అవును, 68 కాదు. ఆ 68 మందీ దేవుడు లేడన్నవారు కారు, నమ్మకమును చట్టముతో రుద్దకూడదన్నవారు. మన విజయవాడ సంగతి చూడండి. నాస్తికుడు గోరా గారి కుమార్తె చెన్నుపాటి విద్య గారిని 1980లోను 1989లోను లోక్‌సభకు పంపారు. ఓటు వేసినవారిలో గుడికి వెళ్ళేవారు, చర్చికి వెళ్ళేవారు, మసీదుకు వెళ్ళేవారు ఉండే ఉంటారు.

ఇక మన ఇంటి సంగతి. ఎన్నికల ముందు ఆదివారము మోకాళ్ళూని ప్రార్థన చేయించుకొని వెళ్ళిన అభ్యర్థి, గెలిచాక మన పేటకు మంచినీళ్ళ పైపు కూడా వేయించని అనుభవము మనకు లేనిది కాదు. ఆయన దైవసాక్షిగానే ప్రమాణము చేశాడు. మరొకటి, చెప్పడానికి నోరు రాదు గాని చెప్పకా తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులను, 1956 నుండి సిక్కులను, 1990 నుండి బౌద్ధులను మాత్రమే షెడ్యూల్డు కులములుగా ఒప్పుకొంటున్నది. క్రీస్తును ఒప్పుకొన్న దళితునికి ఆ రిజర్వుడు సీటు లేదు. కాబట్టి ఆదివారము మన పక్కన బెంచీలో కూర్చొనే తమ్ముడు నామినేషను కాగితము దగ్గర మౌనము వహిస్తాడు. అతనిమీద రాయి వేయడానికి మాకు చేయి రాదు. బ్రాడ్లాను దేవుని పేరు చెప్పమని నెట్టిన చట్టమూ, ఇతణ్ణి చెప్పవద్దని నెట్టే చట్టమూ మాకు అన్నదమ్ములుగా కనబడుతున్నవి.

ఆ పెద్దమ్మకు చెప్పవలసిన ముక్క ఇంకొకటి ఉన్నది. బ్రాడ్లా పార్లమెంటులో మన దేశము తరఫున ఎంత మాట్లాడాడంటే ఆయనను ఇండియా సభ్యుడనేవారు. 1889లో బొంబాయి కాంగ్రెసు సభకు స్వయముగా వచ్చాడు. 1891 జనవరి 27న, ఆయనను రానివ్వకూడదన్న పాత తీర్మానమును పార్లమెంటు తన పుస్తకములనుండి కొట్టివేసింది. ఆ వార్త అర్థము చేసుకొనే స్థితిలో ఆయన లేడు. 30న చనిపోయాడు. అంత్యక్రియలకు, లండనులో చదువుకొంటున్న గాంధీ గారు వెళ్ళారు. కొందరు పాదిరీలు కూడా కడసారి గౌరవము చూపడానికి వచ్చారని ఆయన తన ఆత్మకథలో వ్రాశారు. తిరుగు రైలు కోసము స్టేషనులో నిలబడి ఉండగా ఒక నాస్తికుడు ఆ పాదిరీలలో ఒకరిని పట్టుకొని, మీ దేవుడు ఎంత ఉంటాడు, ఎక్కడ ఉంటాడు అని ఎగతాళిగా నిలదీశాడట. మనిద్దరి హృదయములలోను ఉన్నాడని పాదిరీ గారు చెప్పారు. అవతలివాడు నవ్వాడు. పాదిరీ గారు మరి మాట్లాడలేదు.