ఇంటి కంప్యూటరు: ఎవరి ముద్రిక వారిది

తిరుపతిలో కాపురముండువారి యిండ్లకు చుట్టముల రాకపోకలు తక్కిన యూళ్లకంటె హెచ్చు. పుట్టువెంట్రుకలకైనను, మొక్కుబడికైనను కొండకు పోవలసినవారు మొదట ఈ యింటి గడపనే త్రొక్కుదురు. పూర్వము వారికొక చాపయు, చెంబెడు నీళ్లును, కోవెల వేళలు తెలిసిన పెద్దమనిషి తోడును చాలియుండగా, ఇప్పుడు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనపు టికెట్టును దేవస్థానమువారి వెబ్‌సైటులో ముందుగా తీసికొనవలసివచ్చుటచే, నడవలోని కంప్యూటరుగూడ ఆతిథ్యములో నొక భాగమైనది. ఆ యంత్రముమీదనే పిల్లలు పాఠములు చదువుదురు, ఇల్లాలు కరెంటు బిల్లు చెల్లించును, తాతగారు పింఛను పడినదో లేదో చూచుకొందురు. ఇన్ని చేతులు పడు యంత్రమునకు పెక్కిండ్లలో పాస్‌వర్డు మాత్ర మొక్కటే. అదియు తెర యంచున అంటించిన చీటిపై వ్రాసియుండును.

పాస్‌వర్డు అనునది పుట్టినదే ఉమ్మడి వాడుకవలన. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఫెర్నాండో కార్బటో బృందము, ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతిని నెలకొల్పినప్పుడు, ఒకరి దస్త్రములు వేరొకరి చేత పడకుండుటకై ప్రతివానికి నొక రహస్యపదము నేర్పరచిరి. మరుసటి యేడే, అనగా 1962లో, ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన యంత్రకాలము చాలక, ఆ రహస్యపదములన్నియు నున్న దస్త్రమును అచ్చువేయించుకొని, ఇతరుల పేర యంత్రమును వాడుకొనెను. ఆ దస్త్రములో రహస్యపదములు ఉన్నవున్నట్లు వ్రాసియుండుటయే అందుకు కారణము. అందుచేతనే నేడు జాగరూకతగల సంస్థలు పాస్‌వర్డును యథాతథముగ నుంచక, వెనుకకు త్రిప్ప శక్యముకాని గణితరూపముగ మార్చి భద్రపరచుచున్నవి. వారంత శ్రమపడి దాచినదానిని మనము చీటిపై వ్రాసి తెరకంటించుట న్యాయమా?

“ఇంటివారికి తెలిసిన నేమి?” అని కొంద రడుగుదురు. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమున దీనికి సమాధానము కలదు. రాక్షసమంత్రి పాటలీపుత్రమును వీడుచు, ఆలుబిడ్డలను చందనదాసను మిత్రుని యింట దాచి, తన ముద్రికను భార్యకడ నుంచెను. ఒకనాడు ఐదేండ్ల బాలుడు వేడుకచూడ వాకిటికి పరుగెత్తగా, ఆమె వానిని లోనికి లాగుకొను తొందరలో, పురుషుని వ్రేలికొలతకు చేసిన యా యుంగరము జారి, దొర్లి, చాణక్యుని గూఢచారి పాదముల చెంత నిలిచెను. ఆ ముద్ర వేసిన కపటలేఖయే పిదప రాక్షసుని పక్షమును ఛిన్నాభిన్న మొనర్చినది. ఆ యిల్లాలు ద్రోహము తలపెట్టలేదు, ఆ పసివాడు దొంగతన మెరుగడు. తన కొలతకు మించిన ముద్రిక ఆ చేతికి చేరుటయే అనర్థహేతువు.

మన యిండ్లలోను ఉంగరము జారు విధ మిదియే. ఉచితముగా వచ్చినదని బాలుడు దింపుకొనిన ఆటలో, బ్రౌజరు గుర్తుంచుకొనిన పాస్‌వర్డులను దొంగిలించు ప్రోగ్రాము దాగియుండవచ్చును. బ్యాంకు పని ముగిసిన పిదప లాగౌట్ చేయక లేచిపోయినచో, తరువాత కూర్చున్నవారికి తలుపు తెరచియుంచినట్లే. దేవస్థానము పేరిట నకిలీ వెబ్‌సైట్లు వెలసి, పోలీసు కేసుల వరకు వచ్చిన సంగతి ఈ ప్రాంతమువారికి క్రొత్తకాదు. చిరునామా చివర ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని యున్నదో లేదో చూడక, అడిగిన వివరములెల్ల నిచ్చిన చుట్టము తన సొమ్మునే గాక, ఆ యింటివారి సొమ్మునుగూడ ఆపదపాలు చేయును.

దీనికి మందు సులభము. కంప్యూటరులో ఇంటివారికి ఒక్కొక్కరికి వేరువేరు ఖాతాలు తెరువవలెను. క్రొత్త ప్రోగ్రాములను యంత్రమంతటికి చేర్చు అధికారముగల ‘అడ్మినిస్ట్రేటర్’ ఖాతా బాధ్యతగల పెద్దలొకరియొద్దనే యుండి, తక్కినవారికి సాధారణ ఖాతా లున్న చాలును. వచ్చిన చుట్టమునకు బ్రౌజరులోని అతిథి విధానము తెరచి యిచ్చినచో, మన పాస్‌వర్డు లతనికి కనబడవు, అతడు చూచిన పుటల జాడ మన బ్రౌజరులో మిగులదు. ఉమ్మడి ఖాతాలో ‘పాస్‌వర్డు దాచమందురా’ అని బ్రౌజరడిగినప్పుడు వలదనుటయే మేలు. ఓటీపీ యనునది ఆ క్షణమునకు పుట్టిన తాళపుచెవి. దానిని ఫోనులో అడిగినవారెవరైనను చెప్పరాదు.

ఇక పాస్‌వర్డు ఎట్లుండవలెను? పుట్టినతేదీ ఎనిమిది అంకెలుగదా యని ధైర్యపడువారు, నూరేండ్లలోని దినములు సుమారు 36,500 మాత్రమేయని గుర్తింపవలెను. యంత్రమునకు వానినన్నిటిని పరీక్షించుట క్షణములోని పని. ఆంగ్లమున ఏ క్రమమును లేని చిన్న అక్షరములు ఎనిమిది కూర్చినచో ఇరువదివేల కోట్లకు మించిన రూపములు కలుగును. దానికి మరి నాలుగక్షరములు చేర్చినచో ఆ సంఖ్య 4,56,976 రెట్లు పెరుగును. కనుక నిడివియే బలము. పరస్పర సంబంధములేని నాలుగైదు మాటలను కలిపి వ్రాసినచో జ్ఞాపకముండును, దొరకుటయు దుర్లభము. ఒక చోటి పాస్‌వర్డును వేరొక చోట వాడరాదు. మూడునెలల కొకమారు మార్చుట యనవసరమనియు, బయటపడిన యనుమానము కలిగినప్పుడు మార్చుట ముఖ్యమనియు అమెరికా ప్రమాణముల సంస్థ 2017లో సూచించినది. మరపుగల పెద్దలు నోటుబుక్కులో వ్రాసి బీరువాలో పెట్టుకొనుట తప్పుకాదు, తెరకంటించుటయే తప్పు.

మన యిండ్లలో పసుపుగుడ్డలో కట్టిన శ్రీవారి ముడుపు దేవునిమూల నుండును. అది యెక్కడనున్నదో అందరికి తెలియును. దాని నెవరును విప్పరు. అందువలన ఆ యింట అనురాగమేమియు తగ్గలేదు. పాస్‌వర్డుపట్లను అట్టి మర్యాదయే పాటింపవలసియున్నది. ఇతరుల పాస్‌వర్డును కపటముగ వాడుకొనువారికి సమాచార సాంకేతిక చట్టము 66సి సెక్షను క్రింద మూడేండ్ల వరకు కారాగారమును, లక్షరూపాయల వరకు జరిమానయు కలవు. సొమ్ము పోయినయెడల ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను. కాని పోయినపిదప పరుగెత్తుటకంటె పోకుండ కాచుకొనుట ఉత్తమము. ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలు చెప్పియున్నారు. చదువరులు ఈ రాత్రియే ఆ చీటిని చించివేసి, ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టుకొని, ఎవరి ముద్రికను వారి వ్రేలికి తొడుగుదురుగాక.