రేసింగ్ గేమ్‌తో వచ్చే స్విచ్ 2 బండిల్: పటాన్‌చెరులో కూర్చుని కొనేముందు ఇవి చూసుకోండి

ఈ ఎపిసోడ్ చూసేవాళ్ళలో సగం మంది ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం రూముల్లో ఉంటారని నాకు తెలుసు. షిఫ్ట్ అయిపోయాక ఫోన్‌లో రేసింగ్ గేమ్ ఆడి ఆడి, ఇక అసలైన కన్సోల్ ఒకటి కొందాం అని ఆలోచించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసమే ఈరోజు టాపిక్: నింటెండో స్విచ్ 2, మారియో కార్ట్ వరల్డ్ బండిల్.

ముందే చెప్తున్నా, ఇది అన్‌బాక్సింగ్ కాదు. ఇది మా బాబాయి కొడుకుకి జరిగిన ఒక నష్టం గురించి. వాడి పర్మిషన్ తీసుకునే చెప్తున్నా, పేరు మాత్రం చెప్పను.

మనవాడు పాశమైలారంలో ఒక కంపెనీలో కాంట్రాక్ట్ మీద చేస్తాడు. చీటీ ఎత్తి, ఆ డబ్బులతో సెకండ్ హ్యాండ్ బండిల్ తీసుకున్నాడు. లింగంపల్లి స్టేషన్ బయట అమ్మే అతన్ని కలిశాడు. అతను ఆన్ చేసి చూపించాడు, మారియో కార్ట్ నడిచింది, బాక్స్ ఉంది, ఛార్జర్ ఉంది. డబ్బులు కొట్టి తెచ్చుకున్నాడు. రెండు రోజుల తర్వాత నాకు ఫోన్.

"అన్నా, గేమ్ పోయింది."

"పోయింది అంటే ఏందిరా? పడిపోయిందా?"

"కాదన్నా. లోపల వేరేటోళ్ళ పేరు వస్తున్నది అని మొత్తం రీసెట్ కొట్టిన. నా అకౌంట్ పెట్టుకున్న. ఇప్పుడు గేమ్ లేదు. మళ్ళ కొనుమంటున్నది."

చూస్తే స్క్రీన్ మీద 79.99 డాలర్లు. మన డబ్బుల్లో ఏడు వేలు. అమ్మినతని నంబర్ స్విచ్ ఆఫ్.

ఏం జరిగింది అసలు?

చిన్నప్పుడు బీరంగూడ గుట్ట జాతరలో నాన్న నాకు బ్రిక్ గేమ్ కొనిచ్చాడు. మీలో కూడా చాలామంది ఆడే ఉంటారు. అందులో ఒక కార్ రేస్ ఉండేది. ఎడమకి, కుడికి తప్పించుకుంటూ పోవడమే. దుకాణం దగ్గరే సెల్లు వేసి చూశాం, నడిచింది, తెచ్చుకున్నాం. కొన్నదంతా చేతిలోనే ఉంది.

స్విచ్ 2 బండిల్ అలా కాదు. బాక్స్‌లో గేమ్ క్యాసెట్ ఉండదు. ఒక డౌన్‌లోడ్ కోడ్ మాత్రమే ఉంటుంది. ఆ కోడ్‌ని ఎవరు ముందు ఎంటర్ చేస్తే, గేమ్ వాళ్ళ నింటెండో అకౌంట్‌కి వెళ్ళిపోతుంది. ఒకసారే పనిచేస్తుంది. మెషీన్ చేతులు మారుతుంది గానీ, గేమ్ మారదు. అంటే మనవాడు "బండిల్" అని డబ్బులిచ్చాడు, చేతికి వచ్చింది ఉత్త కన్సోల్. గేమ్ నడుస్తున్నట్టు కనిపించింది ఎందుకంటే పాత ఓనర్ అకౌంట్ ఇంకా లోపల ఉంది కాబట్టి.

అమ్మినతను కావాలని చేశాడో, తెలియక చేశాడో చెప్పలేను. కానీ నష్టం మాత్రం మనవాడిదే.

కొత్తది కొంటే ధర లెక్క

స్విచ్ 2 2025 జూన్ 5న వచ్చింది. అమెరికాలో రిలీజ్ టైమ్‌కి ఉత్త కన్సోల్ 449.99 డాలర్లు. మారియో కార్ట్ వరల్డ్‌తో బండిల్ 499.99. గేమ్ విడిగా 79.99. అంటే బండిల్‌లో గేమ్ మనకి 50 డాలర్లకి పడుతుంది, 30 డాలర్లు మిగులుతాయి. డాలర్‌కి 88 రూపాయలు అనుకుంటే బండిల్ సుమారు 44 వేలు, మిగిలేది 2,600 చిల్లర. అక్కడి సేల్స్ ట్యాక్స్ ఇందులో కలపలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇండియాలో నింటెండో ఈ మెషీన్‌ని అధికారికంగా అమ్మట్లేదు. సికింద్రాబాద్ సీటీసీలో, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో, ఆన్‌లైన్‌లో ఎక్కడ కనిపించినా అది బయట దేశం నుంచి తెచ్చిందే. కాబట్టి ఎంఆర్‌పీ అనేది లేదు. దుకాణం వాడు చెప్పిందే ధర. ఇక్కడ కంపెనీ వారంటీ లేదు, సర్వీస్ సెంటర్ లేదు. "వన్ ఇయర్ వారంటీ అన్నా" అని ఎవరైనా అంటే అది ఆ దుకాణం ఇచ్చే మాట, నింటెండో ఇచ్చేది కాదు. ఆ మాటని బిల్లు మీద రాయించుకోండి. రాయను అంటే ఆ వారంటీ లేనట్టే లెక్క.

చవగ్గా వచ్చే జపాన్ పీస్

మార్కెట్‌లో ఒక బండిల్ మిగతా వాటికంటే పది, పన్నెండు వేలు తక్కువకి కనిపిస్తే వెంటనే అనుమానించండి. జపాన్‌లో రెండు రకాల స్విచ్ 2 ఉన్నాయి. ఒకటి జపనీస్ భాష మాత్రమే ఉన్నది, రిలీజ్ ధర 49,980 యెన్లు. మారియో కార్ట్‌తో సెట్ 53,980 యెన్లు, మన డబ్బుల్లో సుమారు 32 వేలు. రెండోది అన్ని భాషలూ ఉన్నది, 69,980 యెన్లు.

చవకది తీసుకుంటే ఏమవుతుంది? సెట్టింగ్స్ మెనూ అంతా జపనీస్‌లోనే ఉంటుంది, మార్చలేరు. పైగా దేశం జపాన్ అని పెట్టిన నింటెండో అకౌంట్ మాత్రమే దానికి లింక్ అవుతుంది. జపాన్‌లో ఉండేవాళ్ళకి తక్కువ ధరకి ఇవ్వాలని చేసిన మోడల్ అది. ఇక్కడ మనకి తలనొప్పి. కాబట్టి దుకాణంలో ఫస్ట్ పని: ఆన్ చేయించి లాంగ్వేజ్ లిస్ట్ ఓపెన్ చేయండి. ఇంగ్లీష్ లేకపోతే లేచి వచ్చేయండి.

కోడ్‌కి కూడా దేశం ఉంటుంది

అమెరికా బాక్స్‌లో వచ్చిన కోడ్ అమెరికా వైపు స్టోర్‌లోనే పనిచేస్తుంది, యూరప్ బాక్స్ కోడ్ యూరప్ వైపు స్టోర్‌లో. నింటెండో ఆన్‌లైన్ స్టోర్ పేరు ఈషాప్. ఇండియాకి ఈషాప్ లేదు. అందుకే మనవాళ్ళు అకౌంట్‌లో వేరే దేశం పెట్టుకుంటారు. బాక్స్ ఏ దేశానిదో అడిగి, అకౌంట్ ఆ దేశానికి పెట్టుకున్నాకే కోడ్ కొట్టండి. అక్కడ మన బ్యాంక్ కార్డులతో కొనడం ఒక ఇబ్బంది. చాలామంది గిఫ్ట్ కార్డులు వాడుతుంటారు. అవి కూడా అదే దేశానివి అయ్యుండాలి.

ఇంకోటి. కోడ్‌తో వచ్చిన గేమ్‌ని మీరు తర్వాత అమ్ముకోలేరు. క్యాసెట్ అయితే ఆడేసి ఇంకొకరికి అమ్మొచ్చు. బండిల్‌లో మిగిలే 2,600 గురించి ఆలోచించేటప్పుడు ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

బ్యాన్ అయిన మెషీన్

సెకండ్ హ్యాండ్‌లో అన్నింటికన్నా పెద్ద రిస్క్ ఇదే. పైరసీ గేమ్‌ల కోసం వాడే ఫ్లాష్ కార్డులు పెట్టిన స్విచ్ 2లని నింటెండో ఆన్‌లైన్ నుంచి బ్లాక్ చేసింది. బ్లాక్ అయ్యేది మెషీన్. అకౌంట్ మార్చినా, రీసెట్ కొట్టినా పోదు. బయటికి చూస్తే మెషీన్ కొత్తదానిలా ఉంటుంది. ఆన్‌లైన్‌కి వెళ్తే మాత్రం 2124-4508 అనే ఎర్రర్ వస్తుంది. ఆన్‌లైన్ లేకపోతే ఈషాప్ లేదు, ఈషాప్ లేకపోతే కోడ్ కొట్టడానికే ఉండదు. 24 మంది కలిసి ఆడే ఆన్‌లైన్ రేస్ కూడా లేనట్టే.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు నేను నేర్చుకున్నది ఒకటుంది: డెమోలో పనిచేసింది అంటే పనిచేసినట్టు కాదు. మన డేటాతో, మన లాగిన్‌తో పనిచేస్తేనే పనిచేసినట్టు. కన్సోల్‌కి కూడా అంతే.

ఇరవై నిమిషాల టెస్ట్

సెకండ్ హ్యాండ్ తీసుకునేటప్పుడు డబ్బులు ఇచ్చేముందు, ఇదే వరుసలో చేయండి.

ఒకటి, ఇంటి దగ్గరే మీ నింటెండో అకౌంట్ తయారు చేసి పెట్టుకోండి.

రెండు, అమ్మే అతని ముందే మెషీన్‌ని పూర్తిగా రీసెట్ కొట్టించండి. "గేమ్ పోతుంది బ్రో" అని అతను వెనకాడితే, గేమ్ మీకు రావట్లేదు అని అర్థం. దాని ధర తగ్గించి మాట్లాడండి. మా తమ్ముడు ఇది ఇంటికెళ్ళాక చేశాడు. స్టేషన్ దగ్గరే చేసి ఉంటే ఏడు వేలు మిగిలేవి.

మూడు, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేసి, మీ అకౌంట్‌తో ఈషాప్ ఓపెన్ చేయండి. ఓపెన్ అయితే బ్యాన్ లేదు.

నాలుగు, రెండు జాయ్-కాన్లు తీసి, మళ్ళీ పెట్టి, అన్ని బటన్లూ నొక్కి చూడండి. డాక్ ఉంటే టీవీకి పెట్టి చూడాలి. స్టేషన్ దగ్గర అది కుదరదు కాబట్టి, వీలైతే అమ్మే అతని ఇంటి దగ్గరే కలవండి.

ఐదు, ఛార్జర్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్ట్స్ అని ఉందో లేదో చదవండి. ఉంటే పిన్ మార్చే అడాప్టర్ చాలు.

"మెమరీ కార్డ్ ఫ్రీ" అని చెప్పి ధర పెంచితే ఆ కార్డ్ తీసి చూడండి. స్విచ్ 2 గేమ్‌లు మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డ్‌లోనే సేవ్ అవుతాయి. ఫోన్‌లో వేసే మామూలు కార్డ్‌లో గేమ్‌లు పెట్టడం కుదరదు. లోపల 256 జీబీ ఉంది. మారియో కార్ట్ ఒక్కటే 20 జీబీకి పైనే తీసుకుంటుంది. రోజువారీ డేటా ప్యాక్‌తో డౌన్‌లోడ్ చేద్దాం అనుకుంటే చాలా రోజులు పడుతుంది, వైఫై ఉన్న చోటు చూసుకోండి.

మరి కొనాలా, వద్దా?

మెషీన్ మంచిదే, అందులో డౌట్ లేదు. 7.9 ఇంచుల స్క్రీన్, 120 హెర్ట్జ్ వరకు. ఒక్క కన్సోల్‌తో వచ్చే రెండు జాయ్-కాన్లతో రూమ్‌లో ఇద్దరు ఆడుకోవచ్చు. కంట్రోలర్లు ఇంకో రెండు ఉంటే నలుగురు. బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారం గేమ్‌ని బట్టి 2 నుంచి 6.5 గంటలు. సంగారెడ్డి నుంచి కంపెనీ బస్సులో రానుపోను ఆడటానికి సరిపోతుంది. ఆన్‌లైన్‌లో ఆడాలంటే మాత్రం విడిగా మెంబర్‌షిప్ కట్టాలి, అమెరికా ధర ఏడాదికి 19.99 డాలర్లు.

బిల్లు, ఇండియా వారంటీ కావాలి అనుకునేవాళ్ళకి ఏసుస్ రాగ్ ఎల్లై లాంటి విండోస్ హ్యాండ్‌హెల్డ్స్ ఇక్కడ అధికారికంగా దొరుకుతాయి. అది 2023 జులైలో 69,990 రూపాయలకి వచ్చింది. ఫోర్జా హొరైజన్ 5 లాంటి రేసింగ్ గేమ్‌లు నడుస్తాయి. మారియో కార్ట్ మాత్రం దొరకదు. ధర ఎక్కువ, కానీ పాడైతే తీసుకెళ్ళడానికి ఒక సర్వీస్ సెంటర్ ఉంది.

నా మాట ఏంటంటే, పాడైతే ఇక రాదు అనుకుని పెట్టగలిగే డబ్బులతోనే స్విచ్ 2 కొనండి. అప్పు చేసో, చీటీ మీద పాట పాడో వద్దు. ఎందుకంటే మెషీన్ ఆగిపోయినా కిస్తీ ఆగదు.

మా తమ్ముడి సంగతికి వస్తే, మళ్ళీ ఏడు వేలు పెట్టొద్దని చెప్పా. స్విచ్ 2లో పాత స్విచ్ గేమ్‌లు చాలావరకు నడుస్తాయి. 2017లో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ క్యాసెట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వెతికి తీసుకున్నాం. ఈసారి డబ్బులు ఇచ్చేముందు వాడే క్యాసెట్ పెట్టి, తన అకౌంట్‌తో ఒక రేస్ మొత్తం ఆడి చూశాడు. అమ్మే అతను వాచ్ చూసుకుంటున్నాడు, వీడు మూడో ల్యాప్‌లో ఉన్నాడు.

"ఇంకెంతసేపు అన్నా?" అని అతను నన్ను అడిగాడు.

"ఫినిష్ లైన్ దాటనియ్ భయ్యా" అన్నా.

ఇప్పుడు ఇస్నాపూర్ రూమ్‌లో బీ షిఫ్ట్ నుంచి వచ్చాక ఇద్దరిద్దరు వంతులేసుకుని ఆడుతున్నారు. ఆడి ఆడి బోర్ కొడితే ఆ క్యాసెట్ అమ్ముకుంటాడు.

మీ రూమ్‌లో ఎవరైనా బండిల్ కొనే ఆలోచనలో ఉంటే, డబ్బులు కొట్టకముందే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటా మరి.