మీకు తెలుసా? ఫోన్ల కంపెనీ నేల కొలవడానికి దిగింది

2015 ఏప్రిల్‌లో టోక్యోలోని జపాన్ ప్రధాని కార్యాలయం పైకప్పు మీద ఓ చిన్న డ్రోన్ పడి ఉండటం సిబ్బంది కంటపడింది. ఎప్పుడు వచ్చి వాలిందో అప్పటిదాకా ఎవరూ గమనించనే లేదు. దేశమంతా గగ్గోలు పుట్టింది. జనం కిక్కిరిసిన చోట గానీ, 150 మీటర్ల పైన గానీ డ్రోన్ ఎగరేయాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అన్న చట్టం ఆ డిసెంబరులోనే అమల్లోకొచ్చింది. ఈ రెంటి మధ్య, జులైలో, డ్రోన్లతో సేవలందించే కంపెనీ పెడుతున్నట్టు సోనీ ప్రకటించింది. దాని పేరు ఏరోసెన్స్.

అందులో సోనీ తరఫున వాటా తీసుకున్నది కెమెరాల విభాగం కాదని మీకు తెలుసా? సెల్‌ఫోన్లు తయారుచేసే సోనీ మొబైల్. అప్పట్లో 50.005 శాతం దానిది, మిగతా 49.995 శాతం రోబోలు, డ్రైవర్ లేని కార్ల మీద పనిచేసే జెడ్‌ఎంపీ అనే సంస్థది. సోనీకి ఫోన్ల వ్యాపారం నష్టాలు తెచ్చిపెడుతున్న రోజులవి. ఏరోసెన్స్ మొదట చూపించిన నాలుగు పంకాల డ్రోన్‌కు బిగించిన కెమెరా కూడా ఫోన్ కోసం పుట్టిందే. తనకంటూ తెర లేకుండా, ఫోన్ వెనక తగిలించుకునేలా చేసిన క్యూఎక్స్30 అది.

ఎలక్ట్రానిక్స్ కంపెనీలు ఆకాశం వైపు ఎందుకు చూశాయో ఇక్కడే అర్థమవుతుంది. ఫోన్‌ను అడ్డం తిప్పితే తెర కూడా తిరిగేలా చేసే సెన్సర్లే డ్రోన్‌ను గాలిలో ఒరిగిపోకుండా నిలబెడతాయి. జీపీఎస్, లిథియం బ్యాటరీ, బుల్లి కెమెరా, ప్రాసెసర్ అన్నీ వాళ్ల ఫ్యాక్టరీల్లో కోట్లలో తయారవుతున్నవే. మోటార్లు, పంకాలు తోడైతే చాలు.

ఈ ఫోన్ సామాను ఎంత దూరం వెళ్లిందంటే, అంగారకుడి దాకా వెళ్లింది. 2021 ఏప్రిల్ 19న అక్కడ గాలిలోకి లేచిన నాసా హెలికాప్టర్ ఇంజెన్యుటీలో ఉన్నది క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 801, అంటే 2014 నాటి ఖరీదైన ఫోన్లలో వాడిన చిప్పే. రంగుల ఫొటోలు తీసిన సెన్సర్ సోనీది. అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది. దాని చీఫ్ ఇంజనీర్ బాబ్ బలరామ్ మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూల్లో చదువుకున్నవారే. ఈ సంగతి మన పిల్లలందరికీ తెలియాలని నా కోరిక.

మళ్లీ నేల మీదికి వద్దాం. డ్రోన్ తయారీ ఒక వ్యాపారం, డ్రోన్‌తో సేవ ఇంకో వ్యాపారం. రోడ్డు వేసే కాంట్రాక్టరుకు డ్రోన్ అక్కర్లేదు. ఈ వారం ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తవ్వారో తేలితే చాలు, బిల్లు దాని మీదే వస్తుంది. అందుకోసం డ్రోన్ చేను దున్నినట్టు సాలు పక్కన సాలుగా ఎగురుతూ ఫొటోలు తీస్తుంది. ఒక్కో ఫొటోలో సగానికి పైగా భాగం ముందు ఫొటోలోనూ ఉంటుంది. నేల మీది ప్రతి చోటూ వేర్వేరు కోణాల్లో చాలా ఫొటోల్లో పడుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ తేడాలను బట్టి ఎత్తుపల్లాలు లెక్కగడుతుంది. అయితే ఫొటోలను నేలతో కచ్చితంగా ముడిపెట్టాలంటే అక్కడక్కడా గుర్తు పలకలు పరిచి, ఒక్కో పలక ఎక్కడ, ఎంత ఎత్తులో ఉందో సర్వేయరు విడిగా కొలవాలి. దీనికి పట్టే టైము చాలాసార్లు డ్రోన్ ఎగిరే టైముకన్నా ఎక్కువ. ఏరోసెన్స్ ఆ పలకలోనే జీపీఎస్ రిసీవర్ పెట్టేసింది. పరిచి వదిలేయడం, పనయ్యాక ఏరుకోవడం, అంతే. డ్రోన్ కన్నా ఈ పలకే నాకు గొప్పగా తోస్తుంది. పనివాడి కష్టం ఎక్కడుందో చూసి అక్కడ చెయ్యేసిన వస్తువు అది. జపాన్ నిర్మాణ రంగంలో పనివాళ్లు ముసలివాళ్లవుతున్నారు, కొత్తవాళ్లు చాలినంతమంది రావడం లేదు. అందుకే 2016 నుంచి ప్రభుత్వ పనుల్లోనూ డ్రోన్ సర్వేను అక్కడి మౌలిక వసతుల మంత్రిత్వశాఖే ప్రోత్సహిస్తోంది.

మన దగ్గరా ఇలాంటి పని జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఊళ్ల మీదుగా ఎగిరి చిత్రాలు తీశాయి. ఆ తర్వాత సర్వేయర్లు రోవర్లు, అంటే ఉపగ్రహ సంకేతాలతో చోటును కొలిచే చేతి పరికరాలు పట్టుకుని పొలాల్లోకి దిగారు. గట్టు చెట్టు కింద ఉంటే పైనుంచి కనపడదు. కనపడినా, అది ఎవరి గట్టో చిత్రం చెప్పలేదు. రైతును పొలం దగ్గర నిలబెట్టి, ఇరుగుపొరుగును పిలిచి చేసే పనికి ఏ యంత్రమూ బదులు కాదు. ఈ మాట సేవలు అమ్మే ప్రతి కంపెనీ గుర్తుపెట్టుకోవాలి.

డ్రోన్ల వ్యాపారంలోకి వచ్చిన పెద్ద కంపెనీలన్నీ నిలబడ్డాయా అంటే, లేదు. చిప్పుల కంపెనీ ఇంటెల్ 2016లో జర్మనీకి చెందిన రెండు డ్రోన్ సంస్థలను కొన్నది. దక్షిణ కొరియాలో జరిగిన 2018 వింటర్ ఒలింపిక్స్ కోసం 1,218 డ్రోన్లతో ఆకాశంలో బొమ్మలు గీసి ప్రపంచ రికార్డు కొట్టింది. 2022లో ఆ దీపాల ప్రదర్శనల వ్యాపారాన్ని ఇలాన్ మస్క్ తమ్ముడు కింబల్ మస్క్ కంపెనీకి అమ్మేసింది.

సోనీ కూడా సినిమా షూటింగుల కోసం 2021లో ఎయిర్‌పీక్ ఎస్1 అనే డ్రోన్‌ను తన పేరుతోనే అమ్మకానికి పెట్టింది. అమెరికాలో ధర 9,000 డాలర్లు. పెద్ద కెమెరా తగిలిస్తే ఎగిరేది దాదాపు 12 నిమిషాలే. చైనా కంపెనీ డీజేఐ అప్పటికే ఏలుతున్న మార్కెట్లో అది నెగ్గుకురాలేదు. 2025 మార్చితో సోనీ దాని అమ్మకాలు ఆపేసింది. 2015లో పుట్టిన ఏరోసెన్స్ మాత్రం ఇప్పటికీ సర్వేలు, తనిఖీల పనిలోనే ఉంది.