పసుపు నిజంగా మందేనా?

దెబ్బ తగిలితే పసుపు అద్దడం హైదరాబాద్‌లోని ఏ.ఎస్. రావు నగర్‌లోనూ, పసుపు పండే నిజామాబాద్‌లోనూ అందరికీ తెలిసిందే. 1995లో అమెరికా గాయం మాన్పే ఆ గుణానికే పేటెంట్ ఇచ్చేసింది! పాత గ్రంథాల ఆధారాలు చూపి మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ 1997లో దాన్ని రద్దు చేయించింది. అయితే ఆ గెలుపుతో తేలింది వాడుక పాతదని మాత్రమే, పసుపు సర్వరోగ నివారిణి అని కాదు. పసుపులో ఉండే, సున్నం కలిపితే పారాణిలా ఎర్రబడే కుర్కుమిన్ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను అణచగలదు. తింటే మాత్రం కథ వేరు: అది నీళ్లలో సరిగా కరగదు, ఒంటికి పట్టేది కొంచెమే. మిరియాల్లోని పైపరిన్ తోడైతే ఎక్కువ పడుతుంది.

సహజమైనదేగా, హాని ఏముంటుందని అడగొచ్చు. కూరలో చిటికెడుతో భయం లేదు. గాఢమైన కుర్కుమిన్ మాత్రలు వాడిన కొందరికి కాలేయం దెబ్బతింది. వంటింటి పసుపులో క్రిములూ ఉండొచ్చు కాబట్టి, లోతైన గాయానికి దాన్ని అద్దకుండా, నీళ్లతో కడిగి డాక్టరుకే చూపించాలి.