గోదావరి పెట్టే పరీక్ష

పిల్లలూ, మీ ఇంట్లో అన్నిటికన్న పాత వస్తువు ఏదో మీకు తెలుసునా? ఈ సాయంత్రం మీ మామ్మగారిని అడిగి చూడండి. బహుశా అది ఒక ఇత్తడి గుండిగ అయి ఉంటుంది. లేదా టేకు పెట్టె, లేదా ఆవకాయ జాడీ. ఆ వస్తువు అంతకాలం ఎందుకు నిలిచింది, దానితోపాటు కొన్న మిగిలినవి ఎందుకు పోయాయి అని అడిగితే, జవాబు గోదావరి ఒడ్డున పట్టిసీమలో దొరుకుతుంది.

పాపికొండల మధ్య ఇరుకుగా ప్రవహించిన గోదావరి పోలవరం దాటి పట్టిసీమ వచ్చేసరికి బాగా వెడల్పు అవుతుంది. ఇక్కడ నది నడుమ ఒక కొండ ఉన్నది. దానిమీద వీరభద్రస్వామి ఆలయం. శివరాత్రికి జనం పడవలమీద వెళ్ళి స్వామిని చూస్తారు. వేసవిలో ఇసుక తిన్నెలు తేలతాయి. ఆషాఢ శ్రావణాలలో మట్టుకు నది రంగే మారిపోతుంది. ఎర్రనీరు వస్తుంది. ఒక్కొక్క ఏడు అది ఒడ్డు దాటి ఇళ్ళలోకి కూడా వస్తుంది.

1986 ఆగస్టులో వచ్చిన వరదను పెద్దవాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. అప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు. లెక్క వేయండి: ఒక్క సెకనులో దాదాపు 10 కోట్ల లీటర్లు! పది లీటర్ల బిందెలతో కొలిస్తే కోటి బిందెలు. 2022 జూలైలో కూడా పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. హెచ్చరిక వినగానే ఏటి ఒడ్డు ఇళ్ళలో వస్తువులు అటకెక్కుతాయి. అందులోనూ ముందు ఎక్కేది ఆవకాయ జాడీ. ఎందుకంటే ఆవకాయ వేసవిలో పెడతారు, వరద ఆ వెంటనే వస్తుంది. జాడీ మునిగిందంటే ఏడాది కూర పోయినట్టే!

అటక మీద పట్టనివన్నీ నీటిలో ఉండిపోతాయి. నీరు తీసిన తరువాత చూడాలి తమాషా. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల బీరువా అట్టలాగా ఉబ్బి, మరి తలుపు పడదు. చవకరకం ప్లైవుడ్ అయితే పుస్తకంలో కాగితాలు విడినట్టు పొరలు పొరలుగా విడిపోతుంది. ఇనుప పెట్టెకు మడతల్లో తుప్పు మొదలవుతుంది. ప్లాస్టిక్ బిందెలు ఏ ఊరికి తేలిపోయాయో చెప్పలేము. ఇత్తడి గుండిగ మట్టుకు బురద నిండి, ఉన్నచోటనే కూర్చుని ఉంటుంది. పాత టేకు మంచం తడిసి నల్లబడుతుంది గాని, కోళ్ళు కదలవు.

టేకుకు ఈ బలం ఎక్కడిది? దాని కర్రలో సహజంగా ఒకరకం నూనె ఉన్నది. అందుచేత నీరు త్వరగా ఇంకదు, చెదలు సులభంగా పట్టవు. వెనుక పడవలకు, ఓడలకు టేకు వాడింది ఇందుకే. గోదావరి ఎగువ అడవులలో కొట్టిన కలపను, వెదుళ్ళను ఒకప్పుడు తెప్పలుగా కట్టి నదిమీదనే రాజమండ్రికి తెచ్చేవారు. అయితే టేకు అన్న పేరు చూసి మోసపోకూడదు. చెట్టు దుంగను అడ్డంగా కోస్తే నడుమ ముదురు రంగు భాగం కనిపిస్తుంది. అదే చేవ. చుట్టూ ఉండే తెల్లని లేత కర్రలో ఆ నూనె బలం లేదు. అది టేకే అయినా చెద తింటుంది. అందుచేత మంచం గాని, పీట గాని కొనేటప్పుడు దాన్ని తిరగేసి, రంగు వేయని అడుగు భాగం చూడాలి. రంగు పూసిన పైభాగం అమ్మేవాడు చూపిస్తాడు, అడుగు భాగం మనమే చూసుకోవాలి. కర్రలను ఒట్టి మేకులతో కొట్టి పెట్టారా, లేక ఒకదానిలో రంధ్రం తొలిచి రెండవదాని మొన దూర్చి బిగించారా అన్నది కూడా చూడండి. మేకు తుప్పుపడితే కీలు వదులవుతుంది. కర్రలో దూరిన కర్ర తడిసినప్పుడు ఉబ్బి, మరింత బిగుస్తుంది.

టేకు దొరకని ఇంట్లో ప్లైవుడ్ తప్పకపోతే, వంటింటికి ఐ.యస్. 710 అని ముద్ర ఉన్నది అడగమనండి. దాని జిగురు మరిగే నీటికి కూడా ఊడదు.

తడిసిన కర్రసామాను గురించి ఒక్క మాట. త్వరగా ఆరాలని ఎండలో పడేస్తారు. అది తప్పు. ఎండకు పైభాగం ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపలిభాగం ఇంకా తడిగానే ఉంటుంది. ఆ లాగులాటలో కర్ర నెర్రె విచ్చుతుంది. నీడలో, గాలి తగిలేచోట, నిదానంగా ఆరబెట్టాలి.

ఇక ఇత్తడి సంగతి. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. రాగి, తగరం కలిస్తే కంచు. కంచు చక్కగా మోగుతుంది గాని, రాతినేల మీద పడితే పగులుతుంది. ఇత్తడి పడితే సొట్టపడుతుంది. సొట్టను సుత్తితో సరిచేయవచ్చు, చిల్లికి మాటు వేయవచ్చు. మరీ పాడైతే కరిగించి కొత్త పాత్ర చేయవచ్చు. తణుకు దగ్గర అజ్జరం అనే ఊరు ఇత్తడి పనికే పేరుపడ్డది. బిందెలు, గుండిగలు, గంగాళాలు, గుడిగంటలు అక్కడినుంచి ఎన్నో ఊళ్ళకు వెళ్ళాయి. స్టీలు వచ్చాక ఆ పని బాగా తగ్గిపోయింది.

బురద పట్టిన గుండిగను మీ అమ్మగారు చింతపండుతో తోముతారు. నల్లబడ్డ ఇత్తడి చెంబు మీద కాస్త తడి చింతపండు పెట్టి రుద్ది చూడండి. నలుపు పోయి బంగారంలాగా మెరుస్తుంది. చింతపండులో ఒక ఆమ్లం ఉన్నది. ఇత్తడి మీద గాలి తగిలి ఏర్పడిన నల్లని పొరను అది కరిగించుకుంటుంది. వరదనీటిలో ఉన్న పాత్రనైతే తోమాక మరిగే నీళ్ళతో కూడా కడగాలి.

ఇప్పుడు ఆలోచించండి. పాత్రను తోమే చింతపండు పొరను కరిగిస్తే, పాత్రలో కాచే పులుసు ఊరుకుంటుందా? అదే చింతపండు గదా! పులుసు, పెరుగు, మజ్జిగ, ఊరగాయ – ఏ పులుపు అయినా ఒట్టి ఇత్తడిలో నిలిస్తే రాగి దానిలోకి దిగుతుంది. పచ్చని చిలుము పడుతుంది. మన వైపు దాన్ని కిలుం అంటారు. అది తింటే వాంతులవుతాయి.

దీనికి పెద్దలు కనిపెట్టిన ఉపాయమే కళాయి. "బిందెలకు మాట్లు వేస్తాం, కళాయి పూస్తాం" అని కేకలు వేస్తూ కళాయి అతను వీధుల వెంట వచ్చేవాడు. ఇప్పుడు ఎక్కడో గాని కనిపించడు. అతను పాత్రను శుభ్రంగా రుద్ది, కొలిమి మీద కాల్చి, నవసాగరం పొడి చల్లుతాడు. గుప్పున తెల్లని పొగ వస్తుంది. లోహం మీద మిగిలిన మురికి పొరను నవసాగరం తొలగిస్తుంది. వెంటనే తగరం ముక్కను తాకించి, దూదితో గిరగిర తిప్పుతాడు. క్షణంలో పసుపుపచ్చని గిన్నె వెండిలాగా తెల్లబడుతుంది! పులుపుకు తగరం అంత త్వరగా లొంగదు. అయితే తగరం 232 డిగ్రీల వేడికే కరుగుతుంది. గిన్నెలో నీళ్ళుంటే వేడి 100 డిగ్రీలు దాటదు గనక భయం లేదు. ఖాళీ గిన్నెను పొయ్యిమీద మరిచిపోతే పూత కారిపోతుంది. తగరానికి సీసం కలిపి పూసేవాళ్ళు కూడా ఉంటారు. సీసం విషం, పిల్లలకు మరీ కీడు. అందుచేత నమ్మకమైనవాడి చేతనే పూయించాలి. లోపల పసుపురంగు తొంగిచూసిందంటే మళ్ళీ కళాయి వేసేదాకా అందులో పులుసు కాచకూడదు. అలంకారానికి పోతపోసిన ఇత్తడి సామాను వంటకు బొత్తిగా పనికిరాదు.

ఇంత శ్రమ ఎందుకని చాలామంది పాత గుండిగను తూకానికి అమ్మివేస్తున్నారు. రోజువారీ వంటకు స్టీలు మంచిదే, కాదనను. ఇనుముకు క్రోమియం కలపటంచేత దానిపైన కంటికి కనిపించని పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే మళ్ళీ అల్లుకుంటుంది. ఉప్పునీరు నిలవ ఉంచితే మట్టుకు దానికీ సన్నని గుంటలు పడతాయి. కాని గుండిగను అమ్మి ప్లాస్టిక్ డబ్బాలు కొనటం నాకు నచ్చదు. మాటు వేయటానికి వీలులేని వస్తువు ఒకసారి పగిలితే చెత్త అవుతుంది. గుండిగ సొట్టపడినా లోహం విలువ ఎక్కడికీ పోదు.

ఇనుప మూకుడుకు ఖర్చు లేని వైద్యం ఉన్నది. తుప్పు పట్టిన మూకుడును ఇసుకతో రుద్ది, కడిగి, పొయ్యిమీద తడి ఆర్చమనండి. తరువాత నువ్వులనూనె పల్చగా రాసి బాగా కాల్చాలి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే నూనె గట్టిపడి నల్లని పొరగా అంటుకుంటుంది. పొయ్యి పని పెద్దవాళ్ళది, రుద్దే పని మీది. ఆ మూకుడులో మొదటి అట్టు అంటుకుంటుంది, రెండోది చిరుగుతుంది. మూడోది చక్కగా ఊడి వస్తుంది.